కాకులు లేని దీవి

ఆ షీట్ ఎవరు తయారు చేశారో, విమానం సముద్రం మీదికి వచ్చాక గాని స్పందనకు తెలియలేదు.

అయిదు రోజులు, అయిదు వరుసలు. హవాయిలోని కవాయి దీవిలో ఏ రోజు ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఎన్నింటికి బయలుదేరాలి. చివరి గడిలో చిన్న చిన్న గమనికలు. రెండో పేజీలో సర్దుకోవలసిన సామాను. నెల కిందట భర్త రాజీవ్ దాన్ని పంపినప్పుడు ఆమె మెచ్చుకుంది కూడా. స్పందన సాఫ్ట్‌వేర్ టెస్టర్. జాబితాలో ఉన్నది ఉన్నట్టు చేయడం, చేశాక ఆ వరుసకు ఆకుపచ్చ రంగు వేయడం ఆమె చేతికి అలవాటైన పని. అందుకే ‘మినపగుళ్లు ఒక కప్పు’ అని కనబడితే, సెలవులకు వెళ్తూ మినపగుళ్లెందుకని అడగలేదు. కొలిచింది, జిప్‌లాక్ సంచిలో పోసింది, రంగు వేసింది.

విమానంలో గమనికలు మొదటిసారి నిదానంగా చదువుతుంటే ఒకచోట వేలు ఆగింది. ‘హంసిక కిటికీ పక్కన కూర్చుంటే చెవినొప్పి అనదు. నా ఒళ్లోకి మాత్రం రానివ్వకు రాజీవ్, సూదులు గుచ్చిన చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది.’

ఆమె తల తిప్పి భర్తను చూసింది.

“ఇది నువ్వు రాసింది కాదా?”

రాజీవ్ ఇయర్‌ఫోన్ తీశాడు. షీట్ చూశాడు. “మనీషా చేసింది. అప్పుడు పోలేకపోయినం కదా. ప్లాన్ మంచిగనే ఉంది, మళ్లీ మొదటి నుంచి ఎందుకని...”

“చెప్పాలి కదా నాకు!”

“చెప్తే నువ్వు బుక్ చేస్తుంటివా?”

ఆమె ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టింది. కిటికీ పక్క సీటులో హంసిక నీలాన్ని చూస్తోంది. చెవినొప్పి అనలేదు.

మనీషా రాజీవ్ మొదటి భార్య, హంసిక తల్లి. మూడేళ్ల కిందట, ఇలాంటి ఫిబ్రవరిలోనే, కాన్సర్‌తో పోయింది. అప్పటికి హంసికకు అయిదేళ్లు; ఇప్పుడు ఎనిమిది. అమెరికాలోని డబ్లిన్‌లో ఆ ఇంటికి స్పందన వచ్చి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల ఆమెను ఏమనీ పిలవలేదు. అమ్మ అనలేదు, ఆంటీ అనలేదు, పేరైనా పెట్టి పిలవలేదు. ఏదైనా కావలసి వస్తే ఎదురుగా వచ్చి నిలబడేది. చూసేదాకా నిలబడేది.

ఈ ప్రయాణం చివరి రోజున ఆ పిల్లకు ఒక మాట చెప్పాలని భార్యాభర్తలు అనుకున్నారు. స్ప్రింగ్ బ్రేక్ సెలవులు రాగానే ఆమెను వేరే రాష్ట్రంలో, నోవైలో ఉన్న పిన్ని దగ్గరికి, మనీషా చెల్లెలు విద్య దగ్గరికి, పంపిస్తున్నారు. ఇక అక్కడే బడి, అక్కడే ఇల్లు. బావే అడిగాడని విద్య అనుకుంటోంది. కాని ఆ మాట మొదట అన్నది స్పందన. ఒక సాయంత్రం ఆఫీసులో కూర్చుని రాజీవ్‌కు మెసేజ్ పెట్టింది: ‘సొంత పిన్ని దగ్గరైతే హ్యాపీగా ఉంటుందేమో.’ ఆ ‘ఏమో’ చాటున తన అలసటనంతా దాచి పెట్టింది. రాజీవ్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సరే అన్నాడు.

*

దీవి నిండా కోళ్లు. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో కోళ్లు, పెట్రోలు బంకులో కోళ్లు, కపా ఊళ్లో వాళ్లు అద్దెకు తీసుకున్న ఇంటి మెట్ల మీద కోళ్లు. ఎవరివీ కావు. ఎవరికీ భయపడవు. మొదటి పొద్దున్నే హంసిక చేతిలోని పాన్‌కేక్‌ను ఒక ఎర్రపుంజు ఎగిరి లాక్కుపోయింది.

“డాడీ! అది నా బ్రేక్‌ఫాస్ట్ తినేసింది!”

“ఏం చేస్తాం బిడ్డా, వాటికి వీసా అక్కర్లేదు. పుట్టుకతోనే సిటిజన్లు. మనమే భయపడాలె.”

హంసిక నవ్వింది. నవ్వుతూ స్పందన వైపు ఒకసారి చూసి, నవ్వు మడిచి లోపల పెట్టుకుంది.

షీట్ ప్రకారం నడిచారు. రెండో రోజు వైమియా లోయ. ఎర్రటి కొండల నడుమ దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ‘ఆరో మైలురాయికి ముందే అల్లం బిళ్ల ఇవ్వాలి. తర్వాత ఇస్తే లాభం లేదు’ అని గమనిక. స్పందన కావాలనే ఇవ్వలేదు. చచ్చిపోయిన మనిషి చెబితే తను వినడమేమిటని ఒక చిన్న మొండితనం. ఆరో మైలురాయి దాటగానే హంసిక ముఖం పాలిపోయింది. కారు ఆపేలోగా వాంతి. స్పందన నీళ్లతో ఆ చిన్న ముఖం కడుగుతూ, లోయలోంచి పైకి వచ్చే గాలిలో, ఎవరో పక్కన నిలబడి చెప్పాను కదా అంటున్నట్టు చెంపలు వేడెక్కి నిలబడింది.

పిల్లకు గుడ్డలు మార్చడానికి వీపుసంచి తెరిచింది. అడుగున మందపాటి ఉన్ని టోపీ, ఒక జత చేతి తొడుగులు ఉన్నాయి.

“ఇవెందుకు తెచ్చావు హంసికా? ఇక్కడ ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్, చలే లేదు.”

“జస్ట్ ఇన్ కేస్.” పిల్ల సంచి లాక్కుని జిప్ మూసేసింది.

మూడో రోజు దక్షిణ తీరం. అక్కడ రాతిలో ఒక బిలం ఉంది. అల కిందికి దూరినప్పుడల్లా నీరు తెల్లగా ఆకాశానికి లేస్తుంది. లేచే ముందు లోపలినుంచి మూలుగు వినబడుతుంది. రాతికింద చిక్కుకున్న పెద్ద బల్లి ఏడుపని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. చుట్టూ జనం కెమెరాలు పట్టుకుని నీటికోసం చూస్తున్నారు. స్పందన మూలుగునే విన్నది. ఊపిరి లోపలికి లాగి, నొప్పిని పళ్లకింద పట్టి, మెల్లగా వదిలే మనిషి మూలుగు అది. గమనికలో ఇలా ఉంది: ‘ఇలాంటి శబ్దానికి భయపడుతుంది. చెవులు మూయకూడదు, ఊరుకోదు. చెయ్యి పట్టుకుంటే చాలు.’

హంసిక భుజాలు బిగుసుకుని నిలబడి ఉంది. స్పందన చెయ్యి చాపింది. పిల్ల పట్టుకుంది. అలా రెండు మూలుగులసేపు. మూడోదానికి చెయ్యి విడిపించుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఆ రెండు మూలుగుల కాలంలో, ఆ చెయ్యి పట్టుకున్నది తనా, తన చేతిలోకి వచ్చి పట్టుకున్నది మరొకరా అన్న సందేహం స్పందనను ఆ పూటంతా వదలలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం హనలే తీరంలో ఉండగా విద్య ఫోన్ చేసింది. రాజీవ్ స్పీకర్ పెట్టాడు.

“బావా, అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. అక్క తిథి మీకు రేపేనంట.”

“ఇరవై మూడు కదా విద్యా? సోమవారానికి గుడిలో స్లాట్ కూడా బుక్ చేసిన.”

“తేదీ చూస్తరా ఎవరన్నా? తిథి చూడాలె. ఫాల్గుణ శుద్ధ తదియ. ఇండియాలో శుక్రవారం చేస్తున్నరు. మీకు హవాయి టైమ్‌లో గురువారమంతా తదియే, శుక్రవారం తెల్లారేసరికి చవితి వచ్చేస్తదంట. అమ్మ రెండుసార్లు లెక్క చూసింది.”

“ఇక్కడ పంతులు యాడ దొరుకుతడు?”

“పంతులు లేకున్నా వండి, విస్తరి వేసి, కాకికి ముద్ద పెట్టమన్నది.” కొంచెం ఆగి, “స్పందన గారూ, మీకు ట్రబుల్ ఇస్తున్నాం. మీ వెకేషన్...” అంది విద్య.

“అయ్యో, అలా అనకండి. నేను వండుతాను.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకు షీట్ గుర్తొచ్చింది. నాలుగు వరుసల మీదే ధ్యాస పెట్టి అయిదోదాన్ని చదవలేదు. అది దాదాపు ఖాళీ అని మాత్రం తెలుసు. ఇసుకలో కూర్చుని ఫోన్ తెరిచింది.

‘అయిదో రోజు. ఎక్కడికీ వద్దు. అందరూ ఇంట్లోనే. నేను వండుతాను.’

అలల మీద ఎండ మెరుస్తోంది. స్పందన ఒంటిమీద రోమాలు లేచి నిలబడ్డాయి. జబ్బుమనిషి ఒకరోజు విశ్రాంతి కోరుకుని రాసుకున్న మాట అది, అంతే. అంతేనని తనకు తాను మూడుసార్లు చెప్పుకుంది. మూడోసారికి మినపగుళ్లు గుర్తొచ్చాయి. తద్దినానికి గారెలు లేకుండా విస్తరి వెయ్యరు.

*

గురువారం పొద్దున్నే స్నానం చేసి పొయ్యి వెలిగించింది. రాత్రి నానబెట్టిన మినపగుళ్లు బ్లెండర్‌లో రుబ్బింది. పెసరపప్పు, అరటికాయ కూర, పరమాన్నం, గారెలు. తెలియని వంటింట్లో చేతులు తడుముకోవాలి. కాని ఆమె చెయ్యి ఏ సొరుగు తెరిస్తే ఆ సొరుగులోనే గరిట దొరికింది. ఉప్పు చూడకూడదు కనుక చూడలేదు. చూడకపోయినా సరిపోయిందని ఆమెకు తెలిసింది. ఎలా తెలిసిందో తెలియలేదు.

పక్క ఇంట్లో ఉండే యజమానురాలు, పూల గౌను వేసుకున్న పెద్దావిడ, పెరట్లోని అరటి ఆకు కోసుకొమ్మంది. ఎందుకని అడిగితే రాజీవ్ వివరించాడు. ఆమె శ్రద్ధగా విని తల ఊపింది. చనిపోయినవాళ్లకు వండిపెట్టడం ఆమెకు వింతగా తోచలేదు. ఒక్క విషయం దగ్గర మాత్రం కనుబొమలు ముడిచింది.

కాకులా? ఈ దీవిలో కాకులు లేవు. తను పుట్టి డెబ్బయ్యేళ్లు, ఒక్కదాన్నీ చూడలేదు. కోళ్లు కావాలంటే బోలెడు.

ఆవిడ వెళ్లాక రాజీవ్ ఆకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“కాకి లేకుంటే ఎట్లా?”

“కోళ్లున్నాయిగా రాజీవ్. ఏదో ఒక పక్షి. పెట్టేద్దాం.”

ఇంటి వెనక గడ్డిలో ఒక నల్లని బల్లపరుపు రాయి ఉంది. దాని మీద ఆకు పరిచి, అన్నీ కొంచెం కొంచెం వడ్డించి, నడుమ నెయ్యి వేసిన ముద్ద పెట్టాడు రాజీవ్. నీళ్లు తిప్పి వెనక్కి వచ్చాడు. ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. పక్షి ముట్టేదాకా తినకూడదని హంసికకు చెప్పారు.

కోళ్లు వచ్చాయి. ఎర్రపుంజు ముందు, దాని వెనక పెట్టలు, వాటి వెనక పిల్లలు. పది, ఇరవై. రాయికి రెండు బారల దూరంలో ఆగిపోయాయి. నేలమీద ఎవరో గీత గీసినట్టు, ఒక్కటీ ఆ గీత దాటలేదు. పిల్ల చేతిలోని పాన్‌కేక్ లాక్కుపోయిన పుంజు మెడ చాపి, అన్నం ముద్దకేసి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

పావుగంట. అరగంట. పరమాన్నం మీద ఈగ వాలలేదు. రాయి మీదికి చీమ ఎక్కలేదు.

వాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ముద్దను కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో తీరక మిగిలిందని. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ ముందుకు వెళ్లి, నీ ఫలానా పని నేను చూసుకుంటాను అని మాట ఇస్తారు. సరైన మనిషి నోట సరైన మాట పడేదాకా కాకి రాదు.

రాజీవ్ లేచాడు. చేతులు జోడించాడు.

“మనీషా, మీ అమ్మానాన్నలను చూసుకుంట. మాట ఇస్తున్న.”

కోళ్లు కదలలేదు.

“నీ నగలు హంసికవే. ఒక్కటి కూడా ఎవరం ముట్టం.”

గాలి కూడా లేదు. కొబ్బరాకులు బొమ్మల్లో ఆకుల్లా ఉన్నాయి.

“నువ్వు చూడాలనుకున్నవన్నీ నీ బిడ్డకు చూపించిన. ఇంకేం కావాలె నీకు?” జోడించిన చేతులు విడిపోయాయి. “హాస్పిటల్‌లో ఆ రాత్రి నేను నిద్రపోయిన. అందుకా? అందుకేనా?”

హంసిక తండ్రి నడుమును చుట్టుకుంది. ముద్ద అలాగే ఉంది. నెయ్యి పేరుకోలేదు. గంట దాటినా అన్నం మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

స్పందనకు అప్పుడు అర్థమైంది. మాట ఇవ్వవలసింది అతను కాదు. ఆ ఆవిరి తనకోసం కాచుకుని ఉంది.

నిజం పైకి అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ మాట రాజీవ్‌కు తెలుసు, ఫోన్‌కు తెలుసు. పిల్లకు తెలియదు. తెలిసిన మరుక్షణం, ఎదురుగా వచ్చి నిలబడే ఆ చిన్న అలవాటు కూడా పోతుంది. ఆమెకు ఆ ఇంట్లో మిగిలిన బంధమల్లా అదొక్కటే. అయినా లేచింది. గడ్డిలో చెప్పులు లేకుండా నడిచింది. కోళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

“మనీషా గారూ,” అంది. “హంసికను నోవైకి పంపుదామన్నది రాజీవ్ కాదు. నేను. తన మంచి కోసమని చెప్పాను. అది అబద్ధం. రోజూ ఎదురుగా నిలబడి, నాలో ఇంకెవరికోసమో వెతికే ఆ కళ్లను చూడలేకపోయాను. అందుకు.”

వెనకనుంచి హంసిక గొంతు:

“ఐ నో.”

స్పందన తిరిగి చూసింది.

“నీ మెసేజ్ ఐప్యాడ్‌లో వచ్చింది. డాడీ ఐప్యాడ్‌లో అన్నీ వస్తాయి.” పిల్ల ఏడవడం లేదు. చెప్పవలసినదాన్ని ఎప్పుడో చెప్పుకుని ఉంచుకున్నట్టు చెబుతోంది. “నోవైలో స్నో ఉంటుంది. మీరు ఇక్కడి నుంచి అటే నన్ను పంపించేస్తారు అనుకున్నాను. అందుకే క్యాప్ తెచ్చుకున్నా.”

రాజీవ్ ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకున్నాడు.

ఎనభై డిగ్రీల ఎండలో, అయిదు రోజులుగా, ప్రతి తీరానికీ ప్రతి కొండకూ ఆ పిల్ల ఉన్ని టోపీ మోసుకుని తిరిగింది. ఏ మలుపులో దింపేస్తారోనని. స్పందన రాయి దగ్గర గడ్డిలో కూలబడింది. రాయికేసి కాదు, పిల్లకేసి చూస్తూ మాట్లాడింది.

“పంపను. నువ్వు వెళ్తానన్న రోజున తప్ప నిన్ను ఎక్కడికీ పంపను. నన్ను ఏమీ పిలవక్కర్లేదు. ఎదురుగా వచ్చి నిలబడు, చాలు. నేను చూస్తాను.” తర్వాత రాయివైపు తిరిగింది. “మాట ఇస్తున్నాను. వినబడిందా?”

కోళ్లన్నీ ఒక్కసారిగా తలలు వంచాయి.

నీడ ముందు వచ్చింది. గడ్డిమీద నల్లగా జారి, స్పందన మోకాళ్ల మీదుగా పాకి, రాయి ఎక్కింది. ఆమె తల ఎత్తలేకపోయింది. రెక్కల చప్పుడు, గోళ్లు రాతికి తగిలిన చప్పుడు, ముక్కు ఆకును తాకిన చప్పుడు. ఆ తర్వాత, ఆమె చిన్నప్పుడు గుంటూరులో డాబామీద రోజూ విన్న, ఈ దీవిలో డెబ్బయ్యేళ్లుగా ఎవరూ వినని, ఆ ఒక్క అరుపు.

తల ఎత్తేసరికి ఆకు మీద ముద్ద లేదు. ముద్ద ఉన్నచోట నెయ్యి మరక మాత్రం ఉంది. కోళ్లు గీత దాటి వచ్చి మిగిలిన గారెల మీద పడ్డాయి.

“నల్లగా ఉంది,” అంది హంసిక మెల్లగా. “నన్ను చూడలేదు. నిన్నే చూసింది. వెళ్లేదాకా నిన్నే చూసింది.”

సాయంత్రం రాజీవ్ యజమానురాలితో చెప్పాడు. సముద్రం మీద తిరిగే పెద్ద నల్లపక్షి ఒకటి ఉంది, అదే అయివుంటుంది, అందామె. కాని అది నేలమీద వాలదే అని మళ్లీ తనే అనుకుని, ఇంక ఆ సంగతి మాట్లాడకుండా పూలమొక్కలకు నీళ్లు పోయసాగింది.

*

డబ్లిన్‌లో కాకులకు కొదవ లేదు. పెరటి కంచె మీద, వీధి స్తంభాల మీద, బడి మైదానంలో ఎన్నో. స్పందన ఇంతకు ముందు వాటిని లెక్క చేసింది కాదు. తిరిగి వచ్చిన మర్నాటి నుంచి ఒకదాన్ని గుర్తు పట్టగలుగుతోంది. బడి ఉన్న రోజుల్లో ఏడుంబావుకు వచ్చి, వంటింటి కిటికీకి ఎదురుగా కంచె మీద వాలుతుంది. అరవదు. రొట్టె ముక్కలు వేసినా తినదు. హంసిక స్టూలు మీద కూర్చుంటే, స్పందన జడ వేయడం మొదలుపెడితే, రెండో జడ రిబ్బను ముడిపడేదాకా చూసి ఎగిరిపోతుంది.

పిల్లను పంపడం లేదని విద్యకు ఫోన్‌లో స్పందనే చెప్పింది, నిజంతో సహా. “సమ్మర్‌లో ఒక నెల అయినా పంపించు అక్కా,” అంది విద్య. మొదటిసారి అక్కా అంది. పిల్లను అడిగి చెప్తానంది స్పందన.

షీట్‌లో నాలుగు వరుసలకు ఆకుపచ్చ రంగు ఉంది. అయిదో వరుసకు ఆమె రంగు వేయలేదు.

మార్చి నడుమ ఒక మంగళవారం ఇండియా టీమ్‌తో కాల్ సాగిపోయింది. ఏడుంబావయింది, ఏడున్నరయింది. హంసిక దువ్వెన పట్టుకుని వచ్చి టేబుల్‌కు ఎదురుగా నిలబడింది. స్పందన స్క్రీన్‌మీదినుంచి కళ్లు తిప్పకుండా, ఒక్క నిమిషమని వేలు చూపించింది. పిల్ల నిలబడే ఉంది. నిమిషాలు గడిచాయి.

కిటికీ అద్దం మీద ముక్కుతో ఒక్కసారి కొట్టిన చప్పుడు.

స్పందన లాప్‌టాప్ మూసింది. దువ్వెన అందుకుంది.

“త్వరగా వేయి,” అంది హంసిక, కిటికీ వైపు చూడకుండానే. “వెయిట్ చేస్తుంది.”